పాదం మాట, తల మాట: కొరింథు పత్రికలో శరీర రూపకం

నిన్నటి చర్చలో ఒకరు, క్రైస్తవ సంఘాన్ని శరీరంతో పోల్చడం తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు సొంత కల్పన అన్నారు. కాదండీ, రోమన్లకు అది పాత పోలికే. క్రీ.పూ. 494లో రోము సామాన్యులు కులీనుల మీద అలిగి ఊరు విడిచి కొండకు వెళ్లిపోయినప్పుడు, మెనేనియస్ అగ్రిప్ప వాళ్లకు ఒక కథ చెప్పాడని చరిత్రకారుడు లివీ రాశాడు. పొట్ట కూర్చుని తింటోందని చేతులు, నోరు, పళ్లు పని మానేశాయి. చివరికి ఒళ్లంతా చిక్కిపోయింది. పొట్ట అంటే కులీనులు. అలిగినవాళ్లు వెనక్కి రావాలి, అంతే!

పౌలు ఆ పోలికనే తీసుకుని తిరగేశాడు. గ్రీసులోని కొరింథు సంఘానికి ఆయన రాసిన పత్రిక, అంటే ఉత్తరం, మొదటి కొరింథీయులు. దాని 12వ అధ్యాయంలో గద్దింపు పైనున్న అవయవాలకు తగులుతుంది. కన్ను చేతితో ‘నువ్వు నాకు అక్కర్లేదు’ అనకూడదు, తల పాదాలతో అనకూడదు. బలహీనంగా కనిపించే అవయవాలే మరింత అవసరమట. నాకు ఈ అధ్యాయం మీద ఇంత ప్రేమ అందుకే.

దీని వెనక ఒక భోజనాల తగాదా ఉంది. 11వ అధ్యాయం చూడండి: ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసును తలచుకుంటూ సంఘం కలిసి చేసే భోజనంలో, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉంటున్నాడు. రోమన్లు క్రీ.పూ. 146లో నేలమట్టం చేసిన కొరింథును క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టాడు. అక్కడ స్థిరపడ్డవాళ్లలో దాస్య విముక్తులు చాలామంది. హోదా పట్టింపు ఎక్కువగా ఉన్న ఊరది. ‘రొట్టె ఒక్కటే గనుక మనం ఒక్క శరీరం’ అని పౌలు 10వ అధ్యాయంలోనే అనేశాడు. కాబట్టి శరీరం అన్నప్పుడు ఆ ఊరివాళ్లకు తాము కలిసి తినే బల్లే గుర్తొచ్చి ఉంటుంది.

అలంకారం సంగతి: 12వ వచనం ‘ఏలాగు... ఆలాగే’ అంటూ ఉపమతో మొదలవుతుంది. 27వ వచనం గ్రీకులో ‘వలె’ లేదు. మీరే క్రీస్తు శరీరం. అచ్చమైన రూపకం.

> మరి క్రీస్తే శిరస్సు అంటారు కదండీ? తల కూడా ఒక అవయవమే అంటే ఎలా?

మంచి ప్రశ్న. అది కొలొస్సయులు 1:18లోనూ ఎఫెసీయులు పత్రికలోనూ ఉన్న మాట. ఆ రెండూ పౌలు స్వయంగా రాసినవేనా అని చాలామంది పండితులు సందేహిస్తారు. కొరింథు పత్రికలోని ఈ అధ్యాయంలో తల సంఘస్థుల్లో ఒకరు, క్రీస్తు మొత్తం శరీరం. ఆ రెండు పత్రికల్లోనేమో తల క్రీస్తు, సంఘం మిగతా ఒళ్లు. ఈ ఒక్క మార్పుతో అవయవాల మధ్య సమానత్వం వెనక్కిపోయి, విధేయత ముందుకొచ్చింది. ఎఫెసీయులు 5లో భర్త భార్యకు శిరస్సు అనడం దీని మీద కట్టిందే. అయితే కొలొస్సయులు 2:19 కూడా చదవండి. అక్కడ తల కీళ్ల ద్వారా, నరాల ద్వారా ఒళ్లంతటికీ పోషణ అందిస్తుంది. శిరస్సును అధికారంగా మాత్రమే చదివేవాళ్లు ఆ వచనానికి జవాబు చెప్పాలి.