‘ద ఫోర్ సీజన్స్’ కొత్త సిరీస్: నిక్‌ను చంపాల్సిన పనేమొచ్చింది?

పెన్నాగట్టు (కడప):
ఇంకా చూడనోళ్లు ఇక్కడే ఆగండి, చివర చెప్పేస్తున్నా. 1981లో అలన్ ఆల్డా తనే రాసి, తీసి, నటించిన సినిమా ఇది. మూడు నడివయసు జంటలు, ఏడాదికి నాలుగు సార్లు కలిసి ట్రిప్పు పోతారు. దాన్నే 2025 మేలో నెట్‌ఫ్లిక్స్ ఎనిమిది భాగాలుగా మళ్లీ తీసింది. టీనా ఫే, లాంగ్ ఫిషర్, ట్రేసీ విగ్‌ఫీల్డ్ కలిసి చేశారు. రెండింట్లోనూ నిక్ అనేవాడు భార్య ఆన్‌ను వదిలేసి, వయసులో చాలా చిన్నదైన జిన్నీని వెంటబెట్టుకుని వస్తాడు. సినిమాలో నిక్ బతికే ఉంటాడు. సిరీస్‌లో కారు ప్రమాదంలో పోతాడు, ఎనిమిదో భాగమంతా అంత్యక్రియలే.

నా అభ్యంతరం ఒక్కటే. మనిషి పోతే అందరూ ఏడుస్తారు, ఏడ్చినాక ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. తప్పు చేసినోడు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే పక్కనోళ్ల ముద్ద ఎలా దిగుతుందనేదే ఈ కథ. ఆ పళ్లాన్నే తీసేశారు.

బురుజు (కర్నూలు):
అన్నా, నిడివి లెక్క చూడు. సినిమా 107 నిమిషాలు. నాలుగు కాలాలకు పంచితే ఒక్కోదానికి 27 నిమిషాలు కూడా రావు. సిరీస్‌లో కాలానికి రెండు భాగాలు, ఒక్కోటి దాదాపు అరగంట. అంటే రెట్టింపు. అదే సరుకును సాగదీస్తే చప్పబడుతుంది, అందుకే ప్రతి కాలానికీ కొత్త బరువు వేశారు. వసంతంలో చూడు: మొదటి భాగంలో ఆన్‌ను వదిలేయాలన్న ఉద్దేశం నిక్ స్నేహితులకు చెప్పేస్తాడు, రెండో భాగంలో ఆన్ 25వ పెళ్లిరోజుకని మళ్లీ ప్రమాణాలు చేసే వేడుక పెడుతుంది. మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అరగంట ఆ ఒక్క సంగతి మీదే నిలబడింది. ఆ వేడుకలో ఆన్ తండ్రిగా వచ్చిన పెద్దాయన అలన్ ఆల్డానే, గమనించినారో లేదో.

శరత్కాలంలో కాలేజీలో చదివే కూతురు అమ్మానాన్నల విడిపోవడాన్ని నాటకంగా వేస్తుంది. తండ్రి ప్రేక్షకుల్లో కూర్చుని తన మాటలు తనే వినాల్సొచ్చింది. నాకు సిరీస్ మొత్తంలో అంతకు మించిన చోటు లేదు.

ఇక శీతాకాలం. సినిమాలో ఉన్నది మంచు పగలడం, స్నేహితుల్లో ఒకడైన డానీ మెర్సిడెస్ కారు మునగడం. పది నిమిషాల సరుకది. గంట ఎట్లా నింపల్ల?

టవర్‌క్లాక్ (అనంతపురం):
అసలు ‘సీజన్స్’ అంటే ఇటలీ సంగీతకారుడు వివాల్డి సంగీతం. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన నాలుగు కన్సర్టోలు (వాద్య సంగీత రచనలు), ఒక్కోదాంట్లో మూడు భాగాలు, మొత్తం 12. సినిమా, సిరీస్ రెండూ దాన్నే వాడినాయి. ఆ లెక్కన కాలానికి మూడు భాగాలు తీసుంటే సంగీతానికి సరిపోయేది. రెండుతో ఆపడమే తప్పు. తెలుగులో తీస్తే ఆరు రుతువులు పెట్టల్ల. నాలుగంటే నేను ఒప్పుకోను.

హంద్రీ:
రుతువుల సంగతి ఎవరడిగినారప్పా. నిక్ గురించి మాట్లాడండి.

పెన్నాగట్టు (కడప):
బురుజూ, పది నిమిషాల సరుకు అని కొట్టిపారేయొద్దు. గడ్డకట్టిన చెరువు మీద మనిషి నడవాలంటే గట్టి మంచు నాలుగు అంగుళాలు ఉండాలి. చిన్న కారుకు తొమ్మిది నుంచి పది. అది తేటగా గాజులాగా ఉండే మంచైతేనే. తెల్లగా, గాలి బుడగలతో ఉంటే బలం సగమే, మందం రెట్టింపు కావాలి. పైన కురిసిన మంచు పరుచుకుని ఉంటే అడుగున ఎంత ఉందో కంటికి కనపడదు. పైకి గట్టిగా కనపడి, కింద పల్చబడినవే కదా ఆ మూడు కాపురాలు. డైలాగు లేకుండా అంత చెప్పిన సీను తీసి పక్కన పెట్టి, రోడ్డు ప్రమాదం తెచ్చి అతికించారు. కారు ప్రమాదం ఏ సీరియల్లోనైనా దొరుకుతుంది.

బురుజు (కర్నూలు):
అతికించలేదు, ముందు నుంచే నూలు వడికినారు. గుండె జబ్బు ఎవరికి పెట్టినారు? డానీకి. సినిమాలో డానీ–క్లాడియా మొగుడూ పెళ్లాలు, జాక్ వెస్టన్, రీటా మొరేనో వేసినారు. ఇప్పుడు డానీ–క్లాడ్ ఇద్దరూ మగవాళ్లే, కోల్మన్ డొమింగో, మార్కో కాల్వాని. డానీ వైద్యం వాయిదా వేయడం, క్లాడ్ కంగారు పడడం మీద మన కళ్లు నిలబెట్టి, దెబ్బ నిక్ వైపు నుంచి కొట్టినారు. నిజంగా చావొచ్చేది అట్లాగే.

పెన్నాగట్టు (కడప):
దెబ్బ తగిలింది, కాదనను. తగిలినాక ఏం మిగిలిందని అడుగుతున్నా.

నల్లకోటు (ప్రొద్దుటూరు):
మిగిలేది ఆస్తి తగాదా. చివర్లో జిన్నీ కడుపుతో ఉందని తెలుస్తుంది కదా. ఇదే కథ మన దగ్గర హిందూ కుటుంబంలో జరిగిందనుకోండి. విడాకుల డిక్రీ రాకముందే భర్త పోతే, వేరుగా ఉంటున్నా భార్య భార్యే. వీలునామా లేకపోతే పిల్లలతో, అత్తగారితో సమానంగా వాటా వస్తుంది. 1956 వారసత్వ చట్టం 20వ సెక్షన్ కడుపులో బిడ్డకూ హక్కిస్తుంది, కానీ తల్లిదండ్రుల మధ్య పెళ్లన్నదే జరగకపోతే ఆ దారిలో తండ్రి ఆస్తి రాదు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా ఏడాది వేరుగా ఉండి ఉండాలి, అర్జీ వేసినాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. వసంతంలో మొదలుపెట్టిన నిక్‌కు శీతాకాలానికి డిక్రీ చేతికి రాదు. కాబట్టి తెలుగులో తీస్తే ఎనిమిదో భాగం పూర్తిగా మారిపోతుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం):
ఆరు రుతువులు పెడితే ఆ గడువు కూడా సరిపోతుంది. చూసుకోండి.

ధర్మవరం శారద:
వరసగా అన్నీ చదివినా. నిక్ చావు, డానీ గుండె, మంచు మందం, ఆస్తి వాటా. ఆన్ గురించి ఒక్కరూ ఒక్క వాక్యం పూర్తిగా రాయలేదు.

సినిమాలో సాండీ డెనిస్ వేసిన ఆన్‌ను గుర్తు తెచ్చుకోండి. ఆమె కూరగాయల ఫొటోలు తీస్తుంది. నిక్ దాన్ని స్నేహితుల ముందు తీసిపారేస్తాడు, ఇట్లాంటి మనిషితో ఎట్లా బతకల్ల అన్నట్టు. ఆ ఫొటోలు బాగున్నాయా లేదా అని ఎవరికీ పట్టదు. వేసవికి నిక్ జిన్నీతో పడవెక్కేస్తాడు, వర్జిన్ దీవుల దగ్గర అందరూ కలిసి తిరుగుతారు. రాత్రి వాళ్ల గదిలోంచి వచ్చే చప్పుళ్లకు మిగతావాళ్లు ఇబ్బంది పడతారు. చప్పుళ్లకు పడిన ఇబ్బందిలో పావు వంతు కూడా ఆన్ లేనందుకు పడలేదు. ఒక్క కాలం తిరిగేసరికి ఆమె బెర్తు ఇంకొకరిది.

సిరీస్‌లో కెరీ కెనీ-సిల్వర్ వేసిన ఆన్ శీతాకాలం ట్రిప్పుకు స్నేహితులతోనే ఉంటుంది. అంత్యక్రియల్లో జిన్నీ ఎదుట నిలబడుతుంది. ఆమెకు కుర్చీ దొరికింది. నాకు ఈ రీమేక్ నచ్చింది అందుకే.

పెన్నాగట్టు (కడప):
కుర్చీ దొరకడానికి మొగుడు చావల్లనా అక్కా? నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది అదే. బతికుండగా ఆ కుర్చీ వేయించి ఉంటే ఇంత మాట్లాడేవాణ్ణి కాదు.

బురుజు (కర్నూలు):
ఇద్దరూ నిక్‌ను బోనెక్కిస్తున్నారు. ఇరవై ఐదేళ్లు కాపురం చేసి, లోపల ఏమీ మిగల్లేదని తెలిసినాక బయటికి రావడం నేరమా? సిరీస్‌లో నిక్‌గా వేసిన స్టీవ్ కారెల్ ఆ మనిషిని విలన్‌గా చేయలేదు. యాభై దాటినోడు సంతోషంగా ఉండాలనుకుంటే స్నేహితులు కూడా తలుపు మూసేయల్లనా? స్నేహమంటే అప్పుడే కదా నిలబడాల్సింది!

ధర్మవరం శారద:
ఎవరి స్నేహితులు అన్నా? ఇప్పుడు తెలిసింది మనకు తేడా యాడుందో. నువ్వు జాక్ (మూడో జంటలో మొగుడు), డానీ, నిక్ స్నేహితులు, ఆడవాళ్లు వాళ్ల వెంట వచ్చినారని అనుకుంటున్నావు. నేను ఆరుగురూ స్నేహితులని అనుకుంటున్నా. మన ఊళ్లలో గృహప్రవేశం పిలుపు కార్డు మీద మొగుడి పేరుండి, పక్కన ‘దంపతులు’ అని ఉంటుంది. విడిపోయినాక ఆ కార్డు ఎవరింటికి పోతుంది? ఇరవై ఏళ్లు ఆ ఇంటి పెళ్లిళ్లలో వడ్డించిన మనిషికి కార్డు రాదు. నిక్ బయటికి పోవడం నేరం కాదు. ఆ కార్డు ఆన్‌కు పోకపోవడం నేరం, అది చేసింది స్నేహితులు.

పెన్నాగట్టు (కడప):
అయితే మనిద్దరం ఒకే మాట మీద ఉన్నాం, నేనే నిక్ పేరు పట్టుకుని వేలాడినా. కానీ సిరీస్ స్నేహితుల్ని వదిలేసిందనే నా మాట మీద ఉన్నా. ఏడో భాగం వరకు వాళ్లు జవాబు చెప్పాల్సి ఉండింది, ఎనిమిదో భాగంలో శవం ముందు ఆ అవసరం లేకుండా పోయింది.

బురుజు (కర్నూలు):
కార్డు మాట మీద నా దగ్గర జవాబు లేదు. నిక్‌కు తలుపు తెరిచి ఉంచాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ధర్మవరం శారద:
తీసుకోవద్దు. రెండు కార్డులు రాయమంటున్నా, అంతే.

హంద్రీ:
నేను పాత సినిమా చూడలేదు. ఈ ఆదివారం చూస్తా. ఆన్ ఎన్ని నిమిషాలు కనపడిందో, అందులో ఎంతసేపు మాట్లాడిందో కాగితం మీద రాసి ఇక్కడ పెడతా.