లక్కపిడతల సెట్టుకి 850 న్యాయమేనా?

సాగరతీరం: నిన్న ఎంవీపీ కాలనీలో ఒక స్టాల్‌లో ఏటికొప్పాక లక్కపిడతలు చూశాను. పొయ్యి, తిరగలి, బిందె, గరిటె, మూతల గిన్నెలు... మొత్తం పన్నెండు. 850 చెప్పారు. ఇంటికొచ్చి ఫోన్‌లో చూస్తే అలాంటిదే 399కి ఉంది. మా పాపేమో స్టాల్‌లో చూసిందే కావాలంటోంది. ఏం చేయమంటారు?

ఉక్కునగరం రావు: మానేయండి. ముప్పై ఏళ్లు ఖర్చుల లెక్కలే చూశాను. కర్ర 60, లక్క, రంగులు 40. రోజు కూలి 600 అనుకుంటే సగం రోజుకి 300. మొత్తం 400. పావు వంతు లాభం వేసినా 500. మిగతా 350 దేనికి?

వరాహ ఒడ్డు: రావుగారూ, పన్నెండు వస్తువులు సగం రోజులోనా? మా నాన్న నలభై ఏళ్లుగా లేత్ ముందు కూర్చుంటున్నారు, ఆయనకే రోజంతా పడుతుంది. అంకుడు కర్ర సరిగా ఆరకముందే చెక్కితే వారం తిరక్కుండా మూత బీటలిస్తుంది. తిరుగుతున్న గిన్నెకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకోవాలి. వేడి చాలకపోతే పెచ్చులు లేస్తుంది, ఎక్కువైతే రంగు మాడుతుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితేనే మెరుపు. పదింటికి రెండు పక్కన పడేస్తాం. ఊళ్లో ఒక షాపుకి సరుకిస్తే డబ్బులు మూడు నెలలకి వచ్చాయి, అమ్ముడుపోనివి గీతలు పడి తిరిగొచ్చాయి. ఇవన్నీ మీ లెక్కలో ఏవి?

ఉక్కునగరం రావు: షాపు సంగతి కాదమ్మా. 350 దేనికని అడిగాను.

కొండగాలి: ఏటికొప్పాక 2022 నుంచి అనకాపల్లి జిల్లా. విశాఖ బొమ్మలు అనకండి.

సాగరతీరం: ఎవరన్నారండీ?

మధురవాడ మూర్తి: 2017లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుక్కే ఆ పేరు అనే ముద్ర, వచ్చింది కదా. 399వి నకిలీ అయ్యుంటాయి.

వరాహ ఒడ్డు: జీఐ పేరునే కాపాడుతుందండీ. ధరని కాదు.

క్రోషే సిరి: నేను ఇంట్లో క్రోషే బొమ్మలు అల్లి 250కి అమ్ముతాను. నూలుకి 150 పోతే వంద మిగులుతుంది, చాలు. టీవీ చూస్తూ అల్లేదానికి టైమ్ లెక్కేంటి? మరీ అంత ఆశ పనికిరాదు.

వరాహ ఒడ్డు: ఆశా? మీ ఇంటి అద్దె మీవారి జీతంలోంచి పోతుంది. మా ఇంట్లో బియ్యం ఆ పిడతల్లోంచే రావాలి. మీరు టైమ్ ఊరికే ఇచ్చేస్తుంటే, పక్క స్టాల్‌లో కూలి అడిగేవాళ్లం దొంగల్లా కనిపిస్తున్నాం.

క్రోషే సిరి: మావారి జీతం మీకెందుకు? ఇంట్లో ఎవర్నీ అడక్కుండా ఖర్చు పెట్టుకునేది ఆ వంద ఒక్కటే. నా బొమ్మ, నా ధర.

మధురవాడ మూర్తి: టెన్షన్ పడకండి ఇద్దరూ.

ఉక్కునగరం రావు: గొడవెందుకు? మా అమ్మ గాజువాకలో జాకెట్లు కుట్టి ముగ్గురిని చదివించింది. గంటకి ఇంతని ఏనాడూ అడగలేదు.

వరాహ ఒడ్డు: అడిగుంటే ఇచ్చేవారా?

ఉక్కునగరం రావు (మర్నాడు): సంక్రాంతి ముందు రాత్రి రెండింటిదాకా కుట్టేది. పొద్దున్నే వచ్చి కుట్టు వంకరంటూ ఐదు రూపాయలు తగ్గించి ఇచ్చేవాళ్లు. కుట్టు వంకరగా ఉండేది కాదు. సరే, పాడైన వాటికి ఖర్చు మీద పది శాతం కలుపుతున్నాను. 550.

వరాహ ఒడ్డు: పదింటికి రెండంటే ఇరవై శాతం. కూలి కూడా ఇంకా సగం రోజుదే వేశారు.

సాగరతీరం: సెట్టు కొనేశాను. 750కి ఇచ్చారు. పాప పొద్దున్నుంచీ తిరగలి వదలట్లేదు.

వరాహ ఒడ్డు: అంటే బేరం ఆడారన్నమాట.

సాగరతీరం: మొదట 600 అడిగాను.