చర్చ: మాల్దీవులకు టూరిజం వరమా, అద్దె కొంపా?

లెక్కల మాస్టారు: చిన్న దీవుల దేశాలు బాగుపడాలంటే టూరిజమే దిక్కని అందరూ మాల్దీవుల్నే చూపిస్తారు. 1972లో అక్కడి మొదటి రిసార్టు కురుంబా తెరిచేనాటికి వాళ్లకున్నది ట్యూనా చేప, కొబ్బరి. 2011కల్లా ఐక్యరాజ్య సమితి అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలోంచి బయటపడ్డారు. ఒప్పుకున్నాను. కానీ టూరిస్టు తినే బియ్యం, గుడ్డు, ఏసీ నడిపే డీజిలు అన్నీ ఓడ దిగాల్సిందేగా! వచ్చిన డాలరు వచ్చిన దారినే పోతుంటే దాన్ని అభివృద్ధి అంటామా?

గోదారిగట్టు: మాస్టారూ, సాగుకు నేలే లేనిచోట ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టమంటారు? సముద్రమే వాళ్ల పొలం.

సీతాలు: నేను అక్కడ ఓ చిన్న దీవి బళ్లో మూడేళ్లు టీచరుగా చేశాను. రాత్రి డాబా ఎక్కితే అవతలి దీవిలో రిసార్టు దీపాలు కనిపించేవి. మా పిల్లల నాన్నలు చాలామంది అక్కడే పని, ఇంటికి నెలకోసారి. మందు పోసే చోటని ఆడపిల్లల్ని పంపేవారు కాదు. మాకేమో ఉల్లిపాయల దోణి వారానికోసారి. గాలివాన పట్టిందా, నూడుల్సే గతి!

జనం ఉండే దీవుల్లోనూ గెస్ట్‌హౌసులు పెట్టుకోవచ్చని 2009లో అనుమతిచ్చాకే మా ఓనరమ్మ రెండు గదులు అద్దెకిచ్చింది. పొద్దున్నే ట్యూనా, కొబ్బరికోరు, ఉల్లిపాయ, నిమ్మరసం చేత్తో పిసికి మస్‌హుని చేసి, వేడి రొట్టెతో పెట్టేది. ఆ డబ్బు నేరుగా ఆవిడ కొంగునే పడేది. అందుకే రిసార్టునీ, ఈ గదుల్నీ ఒకే గాటన కట్టకండి.

లెక్కల మాస్టారు: గదుల సంగతి సరేనమ్మా. 2020లో మార్చి చివర్నుంచి జులై సగం దాకా టూరిస్టుల్నే రానివ్వలేదు కదా, ఆవిడ ఏం తిన్నట్టు? ఒంటిస్తంభం మేడ ఇది.

గోదారిగట్టు: ఆ స్తంభం మీరనుకున్నంత బలహీనం కాదులెండి. 2024లో మనవాళ్లు బాయ్‌కాట్ అని గోల చేశారు, ఇక్కణ్నుంచి వెళ్లేవాళ్లు బాగా తగ్గారు. అయినా ఆ ఏడు మొత్తం టూరిస్టులు 20 లక్షలు దాటారు.

సీతాలు: కరోనాప్పుడు వాళ్ల తమ్ముడు గేలంతో పట్టిన చేపలే తిన్నామంది మాస్టారూ. ఇప్పుడు మూడో గది కడుతోంది. మేస్త్రీ బంగ్లాదేశ్ వాడు, కంకర మన తూత్తుకుడి నుంచి.