61 శాతంతో గెలిస్తే చర్చంతా మూడో స్థానం గురించి ఎందుకు? ఓల్డ్స్-డిడ్స్‌బరీ-త్రీ హిల్స్ ఉప ఎన్నిక

కార్‌స్టేర్స్ కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను కెనడాలో ఆల్బర్టా రాష్ట్రం కార్‌స్టేర్స్‌లో ఉంటాను, పని ఓల్డ్స్‌లో ఒక మందుల షాపులో. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చి రెండేళ్లే, పౌరసత్వం లేదు కాబట్టి ఓటు లేదు, అయినా మా నియోజకవర్గంలో 2025 జూన్ 23న జరిగిన ఉప ఎన్నికను మొదటి నుంచీ చూశాను. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదనుకోండి. మైకులు లేవు, జెండాలు కట్టిన ఆటోలు లేవు, రోడ్‌షోలు లేవు. ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చిన బోర్డులు, హైవే 2 పక్కన పొలంలో ఓ పాత ట్రక్కు ట్రెయిలర్ నిలబెట్టి దానికి కట్టిన పెద్ద బ్యానరు, అంతే. మునుగోడులో 2022లో 93 శాతం పోలింగ్ చూసినవాణ్ణి, ఇక్కడ సగం మంది కూడా ఓటేయలేదంటే ఇదీ ఒక ఎన్నికేనా అనిపించింది.

ఒక సాయంత్రం మాత్రం ఇద్దరు వచ్చి తలుపు కొట్టారు. నాకు ఓటు లేదండీ అంటే, పర్లేదు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. లేదనగానే చేతిలో కాగితం మీద ఓ గీత గీసుకుని, బూట్లకంటిన మట్టి మా మెట్టుకే రాసి, పక్కింటికి వెళ్లిపోయారు. మా ఇంటి ప్రచారం అక్కడితో సరి.

ఇప్పుడు నా డౌటు. అధికార పార్టీ యూసీపీ (యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ) తరఫున టారా సాయర్‌కి 61 శాతం వచ్చింది. ప్రతిపక్షం ఎన్‌డీపీ నుంచి బెవ్ టోవ్స్‌కి 20 దగ్గర. ఆల్బర్టా విడిపోవాలనే రిపబ్లికన్ పార్టీ నాయకుడు క్యామరన్ డేవిస్ 18కి కాస్త తక్కువతో మూడో స్థానం. మన దగ్గరైతే మూడో స్థానం వాడికి డిపాజిట్ దక్కిందా లేదా అని తప్ప ఇంకేమీ అడగరు కదా. ఇక్కడ షాపుకొచ్చే రైతుల నుంచి టీవీ వాళ్ల దాకా అందరూ ఆ మూడో ఆయన గురించే మాట్లాడుతున్నారు. ఎందుకు? ఇంకోటి, రాజీనామా చేసిన నేథన్ కూపర్‌ది పార్టీ ఫిరాయింపా?

రెడ్ డీర్ రోడ్డు:

ఫిరాయింపు కాదు తమ్ముడూ. కూపర్ 2015లో వైల్డ్‌రోజ్ పార్టీ నుంచి గెలిచాడు, 2017లో వైల్డ్‌రోజూ పాత కన్సర్వేటివ్‌లూ కలిసి యూసీపీ అయినప్పుడు కొన్నాళ్లు తాత్కాలిక నాయకుడిగా ఉన్నాడు, 2019 నుంచి స్పీకరు. అమెరికాలో ఆల్బర్టా ప్రతినిధిగా వాషింగ్టన్ వెళ్లే పదవి ఇచ్చారు కాబట్టి సీటు వదిలేశాడు.

నీ అసలు ప్రశ్నకి వస్తే, ముందు పాత లెక్క చూడు. 2023లో కూపర్‌కి ఇక్కడ 75 శాతం దాకా వచ్చింది, ఎన్‌డీపీకి అప్పుడూ ఇరవైకి అటూ ఇటూనే. అంటే ఎన్‌డీపీ ఓటు కదల్లేదు, పోయిందంతా యూసీపీ నుంచే పోయింది, పోయి చేరింది డేవిస్ దగ్గర. ఇంటి ఓటు చీలింది, అంతే సంగతి. ఆ డేవిస్ కూడా ఒకప్పుడు యూసీపీలో పనిచేసిన మనిషే.

ఎందుకు చీలింది అంటే అందరూ విడిపోవడం, స్వాతంత్ర్యం అంటారు గానీ, నేను ఇక్కడి వాళ్ల నోట ఎక్కువ విన్నది టికెట్ గొడవ. ఇలాంటి సీట్లలో జనరల్ ఎన్నిక ఉత్త లాంఛనం. యూసీపీ టికెట్ ఎవరిదో వాళ్లే ఎమ్మెల్యే, కాబట్టి అసలు పోటీ నామినేషన్ దగ్గరే జరుగుతుంది. స్థానిక సభ్యులు హాల్లో లైన్లో నిలబడి తమ అభ్యర్థికి ఓటేస్తారు, ఊళ్లో వాళ్లకి రాజకీయంలో ఉన్న ఒకే ఒక్క పట్టు అది. ఈసారి ఆ పోటీ లేకుండా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి డేనియల్ స్మిత్ నేరుగా సాయర్ పేరు ప్రకటించేసింది. మన భాషలో చెప్పాలంటే హైకమాండ్ బీ ఫామ్ చేతిలో పెట్టేసింది. సాయర్ బయటి మనిషేం కాదు, ఆక్మి దగ్గర వ్యవసాయం చేసే ఆవిడ, కెనడా గ్రెయిన్ గ్రోయర్స్ సంఘానికి అధ్యక్షురాలిగా చేసింది. అందుకే కోపం మనిషి మీద కాదు, తమని ఒక్క మాటైనా అడగలేదని.

ఓటు లేదని బాధపడకు, యూసీపీ సభ్యత్వానికి పీఆర్ చాలు. తర్వాతి నామినేషన్‌కి లైన్లో నిలబడొచ్చు.

మిసిసాగా మామయ్య:

ఇది ఫెడరల్ కన్సర్వేటివ్ నాయకుడు పొలియేవ్ గెలిచిన ఎన్నికే కదా, బ్యాలెట్ మీద రెండొందల మంది ఉన్నారని నవ్వుకున్నాం.

రెడ్ డీర్ రోడ్డు:

అది వేరండీ మామయ్య గారూ. మీరంటున్నది బ్యాటిల్ రివర్-క్రోఫుట్, 2025 ఆగస్టు 18న జరిగిన ఫెడరల్ ఉప ఎన్నిక, అంటే మన లోక్‌సభ సీటు లాంటిది. 214 మంది నిలబడితే అన్ని పేర్లు అచ్చేయలేక ఖాళీ బ్యాలెట్ ఇచ్చి, పేరు చేత్తో రాయమన్నారు. పొలియేవ్‌కి 80 శాతం దాటింది. ఈ కుర్రాడు అడుగుతున్నది ఆల్బర్టా రాష్ట్ర అసెంబ్లీ సీటు గురించి. అదే జూన్ 23న ఎడ్మంటన్‌లో కూడా రెండు చోట్ల ఉప ఎన్నికలు జరిగాయి, స్ట్రాత్‌కోనాలో ఎన్‌డీపీ నాయకుడు నహీద్ నెన్షీ గెలిచి మొదటిసారి అసెంబ్లీలో అడుగుపెట్టాడు. పేపర్లలో ఫొటో ఆయనదే, కింద కథనం మాత్రం ఓల్డ్స్ గురించి.

పాత కాల్గరీ:

టికెట్ సంగతి ఒప్పుకుంటాను గానీ, రెడ్ డీర్ బాబూ, నువ్వు ఈ నియోజకవర్గం పాత కథ వదిలేశావు. టీవీ వాళ్లు ఈ సీటు చుట్టూ తిరిగింది దాని వల్లే.

నేను 1979లో కాల్గరీ వచ్చాను, ఆయిల్ కంపెనీలో డ్రాఫ్టింగ్ పని. 1980 అక్టోబరులో ప్రధాని ట్రూడో, అంటే తండ్రి ట్రూడో, చమురు మీద ఫెడరల్ ప్రభుత్వం పట్టు పెంచే నేషనల్ ఎనర్జీ ప్రోగ్రాం తెచ్చాడు. మా ఆఫీసులో ఏడాది తిరిగేసరికి ఖాళీ కుర్చీలు ఎక్కువైపోయాయి, ఇంటి అప్పు మీద వడ్డీ 20 శాతం దాటింది, తూర్పు వాళ్లు చీకట్లో చలికి బిగుసుకుపోనీ అనే స్టిక్కర్లు కార్ల వెనక కనిపించేవి. ఆ వేడిలో ఓల్డ్స్-డిడ్స్‌బరీ సీటు ఖాళీ అయింది. సోషల్ క్రెడిట్ పార్టీ బాబ్ క్లార్క్ రాజీనామా చేశాడు. 1982 ఫిబ్రవరి 17న ఉప ఎన్నిక పెడితే గెలిచింది ఎవరనుకున్నారు? విడిపోవాలనే వెస్టర్న్ కెనడా కాన్సెప్ట్ పార్టీ మనిషి గోర్డన్ కెస్లర్, 42 శాతం దగ్గర ఓట్లతో. మర్నాడు మా క్యాంటీన్‌లో ఎవరూ పని మాటే ఎత్తలేదు. మా ఫోర్‌మన్ టొరంటో వాడు, పాపం కాఫీ కప్పు పట్టుకుని ఓ మూల కూర్చున్నాడు.

తర్వాత తొమ్మిది నెలలు కూడా కాలేదు. అప్పటి ప్రీమియర్ లాహీడ్ జనరల్ ఎన్నిక పిలిచాడు, నవంబరు 2న 79 సీట్లలో 75 ఆయనవే. కెస్లర్ ఓల్డ్స్ వదిలి హైవుడ్‌లో నిలబడి ఓడిపోయాడు, ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. దీన్ని పట్టుకుని ఇప్పుడు చాలామంది, అప్పట్లో గెలిచినవాడే పోయాడు, 18 శాతం వచ్చినవాడెంత అని తీసిపారేస్తున్నారు. నేనలా అనను. లాహీడ్ ఆ కోపాన్ని తనవైపు తిప్పుకున్నాడు, ఒట్టావాతో, అంటే ఫెడరల్ ప్రభుత్వంతో, తానే కొట్లాడతానన్నాడు, జనం నమ్మారు. స్మిత్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫెడరల్ ఎన్నికలో లిబరల్ నాయకుడు కార్నీ గెలిచిన మర్నాడే, ఏప్రిల్ 29న, అసెంబ్లీలో బిల్లు 54 పెట్టారు. ప్రజలు సంతకాలతో రెఫరెండం అడగాలంటే ఇదివరకు రాజ్యాంగ విషయాల్లో నమోదైన ఓటర్లలో 20 శాతం సంతకాలు కావాలి, ఆ బిల్లుతో గత ఎన్నికలో ఓటేసిన వాళ్లలో 10 శాతం చాలు, గడువు కూడా 90 నుంచి 120 రోజులయింది. లెక్కేస్తే లక్షా 77 వేల చిల్లర సంతకాలు. అంటే డేవిస్ ఓట్లు లెక్కపెట్టక ముందే ఆయన అడిగేదానికి తలుపు సగం తెరిచి ఉంది. అలాంటప్పుడు ఆయన ఓడితే ఏంటి, గెలిస్తే ఏంటి.

ఓటు చీలుతుందన్న స్మిత్ భయం ఉత్తిదీ కాదు. 2015లో కుడివైపు ఓటు రెండు పార్టీల మధ్య చీలితే ఎన్‌డీపీ 40 శాతం ఓట్లతో 87లో 54 సీట్లు ఎత్తుకుపోయింది. 2022లో అప్పటి యూసీపీ ప్రీమియర్ కెన్నీకి సొంత పార్టీ నాయకత్వ సమీక్షలో 51.4 శాతమే వచ్చి కుర్చీ దిగాడు. ఓల్డ్స్‌లో పద్దెనిమిది శాతం పోయినా ఆవిడ సీటుకి ఢోకా లేదు, అదే చీలిక మూడు శాతం కాల్గరీలో వస్తే చాలు. 2023లో కాల్గరీ-అకేడియాని యూసీపీ పోగొట్టుకున్నది ముప్పై ఓట్లకి లోపే.

కార్‌స్టేర్స్ కుర్రాడు:

థాంక్స్ అంకుల్, థాంక్స్ అన్నా. ఇప్పుడో విషయం అర్థమైంది. మా షాపుకి బీపీ మందులకొచ్చే ఓ ముసలాయన, ఎన్నిక మర్నాడు, మేం దీన్ని ముందే చేసి చూశాం అని ఓ మాట అనేసి నవ్వుకుంటూ పోయాడు. నేను కొత్త మందు గురించేమో అనుకుని ఫైలు తీసి వెతికాను కూడా.

అన్నా, సభ్యత్వం తీసుకుంటాను సరే. తర్వాతిసారి కూడా ప్రీమియర్ నేరుగా బీ ఫామ్ ఇచ్చేస్తే, నేను ఏ లైన్లో నిలబడాలి?