మౌజిత్సె వంతెనలో ఉక్కు ఆదా: లెక్క ఎందుకు కుదరడం లేదు?

పోలండ్‌లోని వోవిచ్ పట్టణం దగ్గర స్వుద్వియా నదిపై, స్టెఫాన్ బ్రివా రూపకల్పనతో 1929లో పూర్తయిన మౌజిత్సె వంతెన, పూర్తిగా వెల్డింగ్‌తో కట్టిన తొలి రోడ్డు వంతెనగా ప్రసిద్ధి పొందింది. దాదాపు 27 మీటర్ల పొడవున్న ఈ ట్రస్ (ఉక్కు కడ్డీలను త్రికోణాలుగా కూర్చిన చట్రం) వంతెన బరువు సుమారు 56 టన్నులనీ, రివెట్లతో (రంధ్రాల్లో దూర్చి బిగించే ఉక్కు మేకులతో) కట్టి ఉంటే అది 70 టన్నులు దాటేదనీ చెబుతారు. అంటే ఉక్కులో ఐదో వంతు మిగిలిందన్నమాట.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో విడివిడిగా చూపాలని ప్రయత్నిస్తున్నాను. లాగుడుకు లోనయ్యే మెంబర్లలో (ట్రస్ కడ్డీలలో) రివెట్ రంధ్రాల వల్ల తగ్గే వైశాల్యానికి బదులుగా వేయవలసిన అదనపు మందాన్ని మొదట లెక్కగట్టి, దానికి రివెట్ తలల బరువునూ కడ్డీలు కలిసే చోట వేసే గసెట్ ప్లేట్ల బరువునూ కలిపినా, చెప్పిన ఆదాలో సగం కూడా రావడం లేదు. ఒత్తిడికి లోనయ్యే మెంబర్లలో రంధ్రాలను రివెట్లే పూడుస్తాయి కనుక వాటికి ఏమీ కలపలేదు. ఈ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. రోడ్డును మోసే అడ్డదూలాల జోలికి మాత్రం వెళ్లలేదు.

ఆ కాలపు రివెట్ వంతెనల డిజైన్ తెలిసినవారు చెప్పగలరా: మిగిలిన ఆదా ప్రధానంగా ట్రస్ మెంబర్లను కూర్చే యాంగిళ్లను (L ఆకారపు ఉక్కు కడ్డీలను) మానేయడం వల్ల వచ్చిందా, లేక అడ్డదూలాల అతుకుల వల్లనా?