ఆగస్టు చివరలో రెయినీర్ కొండ మీద పూలు, పక్షులు: నాన్నగారితో ఒక రోజుకు ఏ వైపు మంచిది?

ప్రశ్న

మేము సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటున్నాము. రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మా నాన్నగారు ఈ వేసవికి మా దగ్గరికి వచ్చారు. సెప్టెంబరు మొదటి వారంలో తిరుగు ప్రయాణం. వెళ్లేలోగా ఒక్క రోజైనా ఆయనకు రెయినీర్ కొండ పూలనూ, అంత ఎత్తున మాత్రమే తిరిగే పక్షులనూ చూపించాలని ఉంది. పూల కాలం దాటిపోయిందని, ఇప్పుడు వెళ్లి లాభం లేదని మిత్రులు అంటున్నారు. చదునైన దారిలో ఆయన గంటల తరబడి నడవగలరు గాని, దిగుడులో మోకాళ్లు నొప్పి పెడతాయి. కొండకు దక్షిణాన ఉన్న పారడైజ్ వైపు వెళ్లడం మంచిదా, ఈశాన్యాన ఉన్న సన్‌రైజ్ వైపు వెళ్లడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1

తప్పకుండా వెళ్లండి, సన్‌రైజ్‌కే వెళ్లండి. కారు వెళ్లగలిగే దారుల్లో ఆ కొండ మీద అన్నిటికన్నా ఎత్తైనది అదే, 6,400 అడుగులు. అంత ఎత్తు కారే ఎక్కేస్తుంది కనుక నాన్నగారి మోకాళ్లకు శ్రమ తగ్గుతుంది. అక్కడి నుంచి సవర్‌డో రిడ్జ్ మీదుగా ఫ్రోజెన్ లేక్ వరకు సుమారు మైలున్నర నడక. మొదట కొంత ఎక్కాలి, ఆ తరువాత గట్టు వెంబడి నిదానంగా సాగవచ్చు.

ఆగస్టు చివర అక్కడ చూడవలసినది క్లార్క్స్ నట్‌క్రాకర్. కాకి కుటుంబానికి చెందిన పక్షి. బూడిదరంగు ఒళ్లు, నల్లని రెక్కలు, పొడవైన ముక్కు. వైట్‌బార్క్ పైన్ కాయలు పండినా వాటంతట అవి విచ్చుకోవు. ఈ పక్షి వాటిని ముక్కుతో చీల్చి, గింజలను నాలుక కింది సంచిలో నింపుకొని, కొద్దికొద్దిగా మట్టిలో పాతిపెడుతుంది. చలికాలంలో తవ్వుకోగా మిగిలిన గింజలే మొలకెత్తి చెట్లవుతాయి. అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే, గొంతు కింద సంచి ఉబ్బెత్తుగా కనిపించే పక్షి ఒకటైనా మీ తల మీదుగా ఎగిరిపోతుంది. బయటి నుంచి వచ్చిన ఒక తుప్పు తెగులు (శిలీంధ్ర వ్యాధి) ఈ చెట్లను ఎంతగా చంపుతున్నదంటే, 2022లో అమెరికా ప్రభుత్వం వీటిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించవలసి వచ్చింది. అందుకే బతికి ఉన్న ప్రతి చెట్టు దగ్గర నేను కాసేపు ఆగుతాను.

జవాబు 2

పై సలహాతో ఏకీభవిస్తున్నాను గాని, పారడైజ్‌ను అంత తేలికగా పక్కన పెట్టకండి. అక్కడ చివరగా పూచే ముదురు నీలం జెన్షన్ పూలు ఇప్పుడే వస్తాయి. ఎండ కాసినప్పుడు చూడాలి, మబ్బు పడితే ముడుచుకుంటాయి. మంచు కరగగానే పూసిన అనిమొనీలు ఈపాటికి నెరిసిన జుట్టు లాంటి విత్తనాల కుచ్చులుగా మారి ఉంటాయి. అయితే అక్కడి స్కైలైన్ దారి పూర్తిగా తిరగాలంటే అయిదున్నర మైళ్ల నడక, 1,700 అడుగుల ఎక్కుడు. నాన్నగారిని దాని మీద తీసుకువెళ్లవద్దు.

ఎటు వెళ్లినా రెండు విషయాలు. ఫొటో కోసం కూడా దారి దిగి పచ్చిక మీద అడుగు పెట్టకండి. ఏడాదిలో ఎక్కువ భాగం మంచు కింద ఉండే ఆ మొక్కలకు పెరిగే కాలం కొన్ని వారాలే, ఒకసారి నలిగితే ఏళ్ల తరబడి కోలుకోవు. పక్షులు ఎంత దగ్గరికి వచ్చినా చిప్స్ వంటివి పెట్టకండి, అక్కడ అది నిషిద్ధం కూడా. ఒక స్వెటరు, టోపీ, సరిపడా నీళ్లు తీసుకువెళ్లండి. వారాంతమైతే ఉదయం పెందలాడే బయలుదేరండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సన్‌రైజ్‌కు వెళ్లి వచ్చాము. లూపిన్ మొక్కలు చాలావరకు కాయ కట్టాయి. నాన్నగారు వంగి చూసి, ‘ఇది మన జనుము కుటుంబమే’ అన్నారు. పక్కనే పెయింట్‌బ్రష్ అనే ఎర్రని పూల మొక్క ఉంది. ఆ ఎరుపు రేకులది కాదని, కాగితం పూలలో లాగే పుష్పపుచ్ఛాలదని, అంటే పువ్వు కింది ఆకులదని, ఇది గంధపు చెట్టులాగా పక్క మొక్క వేళ్ల నుంచి ఆహారం తీసుకునే పాక్షిక పరాన్నజీవి అని ఆయన పిల్లలకు చెబుతుంటే, దారిన పోయేవారు కూడా నిలబడి చూశారు.

నట్‌క్రాకర్లు అయిదు కనిపించాయి. ఫ్రోజెన్ లేక్ దాటాక, రాళ్ల మధ్య ఒక రాయి కదిలినట్లు అనిపించింది. కౌజు పిట్టంత ఒళ్లు, గోధుమ బూడిద మచ్చలు, కాలి వేళ్ల దాకా ఈకలు, టార్మిగన్ అనే ఎత్తైన కొండల పక్షి, తల్లి. వెనుక నాలుగు పిల్లలు. రెయినీర్ ప్రాంతపు ఈ టార్మిగన్‌ను 2024లో ముప్పు జాబితాలో చేర్చారని తెలిశాక, నాన్నగారు అందరినీ వెనక్కి జరగమన్నారు. అవి రాళ్లలో కలిసిపోయేదాకా, దాదాపు ఇరవై నిమిషాలు, ఎవరమూ మాట్లాడలేదు.