మూత్రాశయ క్యాన్సర్ మందు ఎలకల్లో పనిచేస్తే మనకేంటి?

వేపనీడ:
నాన్నగారికి మూత్రాశయంలో గడ్డ తీసి రెండేళ్లయింది. మూడు నెలలకోసారి కెమెరా గొట్టం వేసి చూస్తున్నారు, వారం ముందు నుంచే ఇంట్లో టెన్షన్. మళ్ళీ రాకుండా ఏదైనా మాత్ర ఉందా అని వెతికితే సెలికాక్సిబ్ తగిలింది. అవును, కీళ్ల నొప్పులకి ఇచ్చేదే. అమెరికాలో ఎలకల మీద బ్రహ్మాండంగా పనిచేసిందని 2000లో రాశారు. అదే మందుని బ్రిటన్‌లో 472 మంది రోగులతో బాక్సిట్ అనే ట్రయల్‌లో పరీక్షించి 2019లో ఫలితాలు చెప్తే, గడ్డలు తిరిగి రావడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా గుండె సమస్యలు. మరి అన్ని ఎలకలకి కావాలని క్యాన్సర్ తెప్పించి సాధించిందేంటి?

బోనుతలుపు:
నాలుగేళ్లు యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల జంతువుల్ని ఉంచే చోట పనిచేశాను, నాది పక్షపాతమే అనుకోండి. ఆ రెండింటినీ పోల్చలేమండీ. ఎలకకి వారానికి రెండుసార్లు, ఎనిమిది వారాలు, ఓహెచ్-బీబీఎన్ అనే, మూత్రాశయ క్యాన్సర్ తెప్పించే రసాయనాన్ని గొట్టంతో కడుపులోకి ఎక్కిస్తారు. ఆ వెంటనే మందు మొదలు, గడ్డ ఇంకా లేవకముందే. నెలలు గడిచాక పొత్తికడుపు వేళ్లతో తడిమి చూస్తాం. బఠానీ గింజలా తగిలిందంటే వచ్చేసినట్టే. కొన్నిటికి ముందే బోనులో పొట్టు మీద ఎర్ర మరకలు కనిపిస్తాయి. మీ నాన్నగారికి గడ్డ వచ్చి, తీశాక కదా మాత్ర. ఇంకోటి, ఆ ఎలకల్లో కూడా సెలికాక్సిబ్ తొలిదశ మార్పుల్ని ఆపలేదు, చేతికి తగిలే గడ్డల్నే తగ్గించింది. ఈ ముక్క వార్తల్లో రాదు.

మూడోబెంచీ:
ఫలితం వస్తే ఎలక గొప్ప, రాకపోతే పోలిక తప్పు. మీతో గెలవలేం సార్! చక్కెర బదులు వాడే శాకరిన్ సంగతేంటి? 1977లో కెనడా ఎలకలకి మూత్రాశయంలో గడ్డలు రావడం చూసి అమెరికా నిషేధించబోయింది, ప్యాకెట్ల మీద హెచ్చరిక వేయించింది. తీరా చూస్తే మగ ఎలక మూత్రంలో కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని మూత్రాశయం లోపలి పొరని దెబ్బతీస్తోంది, మనకలా జరగదు. 2000లో క్యాన్సర్ కారకాల జాబితా నుంచి తీసేశారు. పియోగ్లిటజోన్ అనే షుగర్ మందు మీద ఇదే క్యాన్సర్ అనుమానమూ మగ ఎలకలతోనే మొదలైంది. 2013 జూన్‌లో మన దేశంలో ఆపేసి, నెలన్నర తిరక్కుండానే హెచ్చరికతో వదిలారు. ఆ మధ్యలో మా అత్తయ్య షుగర్ మాత్రల కోసం ఎన్ని షాపులు తిరిగిందో.

బోనుతలుపు:
శాకరిన్ ఒప్పుకుంటాను. కానీ మనకి వర్తించదని తేల్చిందీ ఆ ఎలక మూత్రమే. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకి ఈ జబ్బు వస్తోందని జర్మనీలో రెన్ అనే సర్జన్ 1895లోనే చెప్పాడు. కారణం రంగుల తయారీలో వాడే 2-నాఫ్థైలమైన్ అని 1938లో కుక్కల మీద చూపించింది హ్యూపర్ అనే శాస్త్రవేత్త. అదే రసాయనంతో ఎలకల్లో అంత తేలిగ్గా రాదు. జంతువు వద్దనకండి, ఏ జంతువో అడగండి.

వేపనీడ:
ఇద్దరూ నన్ను వదిలేసి కొట్టుకుంటున్నారు. మాత్ర మొదలుపెట్టాలా వద్దా? బ్రకోలీ మొలకల పొడి అమ్మేవాళ్లు కూడా ఎలకల ఫలితాలే చూపిస్తున్నారు.

రాత్రిడ్యూటీ:
సొంతంగా సెలికాక్సిబ్ వద్దు, ఆ పొడికి డబ్బులూ వద్దు. ఫెన్‌రెటినైడ్ అని విటమిన్ ఎ లాంటి మందు కూడా ఎలకల్లో నెగ్గి మనుషుల్లో చతికిలపడింది. విటమిన్ ఇ, సెలీనియం 35 వేల మంది మగవాళ్లకి ఇచ్చి చూశారు, మూత్రాశయ క్యాన్సర్ తగ్గలేదు. ఇంతకీ నాన్నగారు సిగరెట్ మానేశారా? ఈ జబ్బులో దాదాపు సగం దాని పుణ్యమే.

వేపనీడ:
మానేశాననే అంటారు. నిన్న డాబా మీద తులసికోట వెనకాల రెండు పీకలు దొరికాయి.